బిడ్డ చేతిలో పొంగనం
(తల్లుల సమావేశంలో చదివి వినిపించడానికి రాసిన ప్రసంగం)



ఈ పూట ముచ్చట పెద్దల తిండి గురించి కాదు. ఇంట్లో అందరికంటే చిన్న మనిషి తిండి గురించి. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏం పెట్టాలి? మూడేళ్లు వచ్చేదాకా ఎట్లా పెట్టాలి? అదే ఈ ముచ్చట.

ఒక ఇంటి కథ

చిలుకూరులో ఒక ఇల్లు అనుకోండి. యాసంగి నాట్ల రోజులు. ఆ ఇంట్లో తొమ్మిది నెలల బాబు ఉన్నాడు. తల్లి చీకటితోనే లేచి వంట చేస్తుంది. ఏడు గంటలకల్లా నాటుకు పోతుంది. మళ్లీ ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతుంది. పగలంతా బాబును నాయనమ్మ చూసుకుంటుంది.

బాబు ఏడిస్తే నాయనమ్మ చాయిలో బిస్కెట్టు ముంచి పెడుతుంది. మధ్యాహ్నం పప్పు మీది తేట కలిపిన పలుచని అన్నం రెండు ముద్దలు పెడుతుంది. ఏడుపు ఆగుతుంది. కడుపు నిండిందనుకుంటుంది.

నెల తిరిగింది. అంగన్‌వాడీలో బాబును తూకం వేశారు. టీచరమ్మ కార్డు చూపించింది.

"పోయిన నెల ఎంత ఉన్నడో ఈ నెల కూడా అంతే ఉన్నడు. రెండు నెలల సంది గీత పైకి పోతలేదమ్మా" అన్నది.

నాయనమ్మకు కోపం వచ్చింది. "మా పిలగానికి ఏం తక్కువ జేసినం? ఏడ్చినప్పుడల్లా బిస్కెట్లు కొంటున్నం గదా!" అన్నది.

నాయనమ్మ మాట అబద్ధం కాదు. ప్రేమ తక్కువ కాలేదు. పైసలూ తక్కువ కాలేదు. తక్కువైంది తిండిలో బలం.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు వయసుకు తగిన ఎత్తు పెరగలేదని ఆ సర్వేలో తేలింది. ఆరు నెలలు దాటిన పిల్లల్లో ప్రతి పదిమందిలో ఏడుగురికి రక్తం తక్కువగా ఉంది.

ఆరు నెలలు నిండాక ఏమవుతుంది?

ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు. నీళ్లు కూడా వద్దు. బిడ్డ పుట్టేటప్పుడే తల్లి కడుపులో నుంచి కొంత ఇనుము దాచుకుని వస్తుంది. ఆరు నెలలకు ఆ నిల్వ తరిగిపోతుంది. బిడ్డ పెరుగుదలకు అప్పుడు తల్లిపాలు ఒక్కటే సరిపోవు. పాలు మానిపించకూడదు. రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వొచ్చు. పాలతోపాటు తిండి మొదలు పెట్టాలి.

బిడ్డ పొట్ట చిన్నది. పలుచని గంజి, తేట పోస్తే పొట్ట నీళ్లతోనే నిండుతుంది. బలం అందదు. అందుకని బిడ్డ తిండి చిక్కగా ఉండాలి. చెంచా పక్కకు వంచితే జారిపోకుండా నిలవాలి. అందులో ధాన్యం ఉండాలి. పప్పు ఉండాలి. ఆకుకూర ఉండాలి. రెండు చుక్కల నూనో నెయ్యో ఉండాలి.

మరి బిస్కెట్టులో ఏముంది? ఎక్కువగా మైదా, చక్కెర, నూనె ఉంటాయి. అది ఆకలిని చంపుతుంది. ఆ తర్వాత బిడ్డ అన్నం ముట్టదు. చాయి ఇంకా చెడ్డది. తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పసిబిడ్డకు చాయి చుక్క కూడా పనికిరాదు.

జొన్నలు, రాగులు ఎటు పోయాయి?

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ ఆయకట్టులో వరి పెరిగింది. అన్నానికి కరువు తీరింది. అది మంచిదే. కానీ మెట్ట పంటలు తగ్గాయి. జొన్నలు, సజ్జలు, రాగులు వంటింట్లో నుంచి వెనక్కి జరిగాయి. తెల్లన్నం ఒక్కటే ముందుకు వచ్చింది.

ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. ఊళ్లో దాన్ని సున్నం అంటారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. అంతే తూకం బియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. పాత నల్గొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు ఎందరి ఎముకలను వంచాయో తెలియనిది కాదు. ఒంట్లో సున్నం తక్కువైన పిల్లలకు ఫ్లోరైడు మరింత చెరుపు చేస్తుంది. అందుకని రాగులు మళ్లీ బిడ్డ గిన్నెలోకి రావాలి.

ఒక్క పిండి రుబ్బితే చాలు

"పొద్దున లేస్తే పొలం పని. బిడ్డకు వేరే వంట ఎప్పుడు చెయ్యాలి?" అని తల్లి అడుగుతుంది. న్యాయమైన మాట. బిడ్డకు వేరే వంట అక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ రుబ్బిన పిండిలోనే బిడ్డ వాటా తియ్యాలి.

అమెరికా, బెల్జియం లాంటి దేశాల్లో వాఫుల్ అనే రొట్టె చేస్తారు. గళ్లు గళ్లుగా ఉన్న ఇనుప అచ్చులో పిండి పోసి కాలుస్తారు. పిల్లలు దాన్ని చేతితో పట్టుకుని తింటారు. ఇక్కడ ఆ పని గుంత పొంగనాల పెనం ఎప్పటినుంచో చేస్తున్నది. కొత్త యంత్రం కొనక్కర్లేదు.

పిండి తయారీ ఇది.

రాగులు ఒక గ్లాసు, బియ్యం ఒక గ్లాసు, పొట్టు మినపప్పు ఒక గ్లాసు తీసుకోవాలి. చిన్న చెంచా మెంతులు వెయ్యాలి. రాళ్లు ఏరి బాగా కడగాలి. పొద్దున పనికి పోయే ముందు నానబోస్తే సాయంత్రానికి నానుతాయి. మెత్తగా రుబ్బి రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. రాగులు లేకపోతే రాగిపిండి కలపొచ్చు.

తెల్లారేసరికి పిండి పులిసి పొంగుతుంది. నానబెట్టి పులియబెడితే గింజలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. పెద్దవాళ్లు ఈ సంగతి పుస్తకం చదవకుండానే వంటలో పెట్టారు.

ఇప్పుడు ముఖ్యమైన పని. పిండిలో ఉప్పు, పచ్చిమిర్చి కలపక ముందే బిడ్డకు రెండు గరిటెలు వేరే గిన్నెలోకి తియ్యాలి. ఏడాది లోపు బిడ్డకు ఉప్పు వద్దు. చక్కెర, బెల్లం వద్దు. తేనె అసలే వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

బిడ్డ గిన్నెలో సన్నగా తరిగిన పాలకూర గానీ లేత మునగాకు గానీ గుప్పెడు వెయ్యాలి. క్యారెట్ ఉంటే తురిమి కలపాలి. తినే ఇల్లు అయితే ఒక కోడిగుడ్డు కొట్టి కలపొచ్చు.

పెనం వేడెక్కాక గుంతకు నాలుగు చుక్కల నూనె వెయ్యాలి. ముప్పావు గుంత పిండి పోసి మూత పెట్టాలి. సన్నని మంట మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. తిరగేసి మరో రెండు నిమిషాలు ఉంచాలి. ఒకటి విరిచి చూడాలి. లోపల పిండి వేలికి అంటకపోతే ఉడికినట్టే. ఎర్రగా, కరకరలాడేటట్టు కాల్చొద్దు. బిడ్డ చిగుళ్లకు మెత్తగా ఉండాలి.

ఏ వయసుకు ఎట్లా పెట్టాలి?

నాయనమ్మ మళ్లీ అడిగింది. "పండ్లు కూడా సరిగ్గ రాని పిలగానికి పొంగనం పెడ్తే గొంతుల పట్టదా?"

మంచి ప్రశ్న. అందుకే ఒక్క పిండిని వయసును బట్టి మూడు రకాలుగా పెట్టాలి.

ఆరు నెలలు నిండాక: ఇదే పిండిని ఇడ్లీలాగా ఆవిరి మీద ఉడికించాలి. చిక్కటి పప్పుతో వేళ్లతో మెత్తగా మెదపాలి. రెండు చుక్కల నెయ్యి వెయ్యాలి. మొదట రెండు మూడు చెంచాలు. మెల్లగా పెంచుకుంటూ అరకప్పుకు రావాలి. రోజుకు రెండు మూడు సార్లు పెట్టాలి.

తొమ్మిది నెలలు దాటాక: మెత్తని పొంగనాన్ని విరిచి, గట్టిపడిన అంచు తీసెయ్యాలి. లోపలి భాగాన్ని నలిపితే నలిగే చిన్న ముక్కలు చెయ్యాలి. బిడ్డను కూర్చోబెట్టి చేతికి ఇవ్వాలి. సగం కింద పడేస్తాడు. పడేయనివ్వండి. పట్టుకోవడం, నోటికి చేర్చడం, నమలడం అట్లాగే వస్తాయి. రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి.

ఏడాది దాటాక: ఇంట్లో అందరితోపాటు పొంగనం ఇవ్వొచ్చు. పల్లీల పొడి కలిపిన పెరుగుతో తినిపించొచ్చు. తర్వాత జామపండు మెత్తని ముక్కో, బత్తాయి రసమో ఇస్తే ఆకుకూరలోని ఇనుము బాగా పడుతుంది.

పనికి పోయే తల్లికి ఒక పొడి

నాట్ల రోజుల్లో పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఉండదు. దానికీ ఒక దారి ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బలం తగ్గిన పిల్లల కోసం ఒక పొడి తయారు చేశారు. దాన్ని హైదరాబాదు మిశ్రమం అంటారు.

గోధుమలు 400 గ్రాములు, శనగపప్పు 160 గ్రాములు, పల్లీలు 100 గ్రాములు, బెల్లం 200 గ్రాములు. గింజలను వేటికవే దోరగా వేయించాలి. పల్లీల పొట్టు తియ్యాలి. బూజు పట్టిన పల్లీలు పారెయ్యాలి. అన్నీ పొడి చేసి బెల్లం కలిపి తడి తగలని డబ్బాలో పెట్టాలి. ఇది పది పూటల పొడి. ఒక్కో పూటకు 86 గ్రాములు. అందులో 330 కేలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఏడాది దాటిన బిడ్డకు వేడి నీళ్లతో గానీ పాలతో గానీ చిక్కగా కలిపి పెట్టాలి. కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి.

అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. ఆ పొట్లం బిడ్డ పేరున వచ్చింది. ఇల్లంతా పంచుకుంటే బిడ్డ వాటా తగ్గిపోతుంది.

మరిచిపోకూడని జాగ్రత్తలు

వండే ముందు, తినిపించే ముందు సబ్బుతో చేతులు కడగాలి. బిడ్డ చేతులూ కడగాలి.

గట్టి పల్లీలు, వేయించిన శనగలు బిడ్డకు గింజలుగా ఇవ్వొద్దు. గొంతుకు అడ్డం పడతాయి.

పడుకోబెట్టి తినిపించొద్దు. ఏడుస్తున్నప్పుడు నోట్లో కుక్కొద్దు.

కొత్త తిండి ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి. రెండు మూడు రోజులు చూడాలి. దద్దుర్లు, వాంతులు వస్తే ఆపి డాక్టరుకు చూపించాలి.

జ్వరం వచ్చినా, విరేచనాలైనా తిండి మాన్పించొద్దు. కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు పెట్టాలి. విరేచనాలకు ఓఆర్‌ఎస్ నీళ్లు తాగించాలి.

తూకం చెప్పే మాట

నెలనెలా బిడ్డను తూకం వేయించాలి. అంగన్‌వాడీలో చేతి దండ కొలిచే పట్టీ కూడా ఉంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డ దండ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే ప్రమాదం. ఇంటి తిండి ఒక్కటే చాలదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మళ్లీ ఆ ఇంటి సంగతి. ఆ రాత్రి తల్లి పిండి రుబ్బింది. బాబు తండ్రి పాలకూర తరిగాడు. తెల్లారి తల్లి గబగబా రెండు వాయిలు పొంగనాలు వేసి మూతపెట్టి పనికి పోయింది. "అత్తమ్మా, చాయి పొయ్యకు. ఇవి మెత్తగ విరిచి పెట్టు" అని చెప్పింది.

నాయనమ్మ బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ముక్క చేతికిచ్చింది. బాబు ఒకటి కింద పడేశాడు. ఒకటి చెవికి రాసుకున్నాడు. మూడోది నోట్లో పెట్టుకున్నాడు. "అమ్మో, దొంగ! తెలివిగల్లోడే" అని నాయనమ్మ నవ్వింది. బిస్కెట్ల డబ్బా ఆ పూట తెరవలేదు.

ఒక్క పూటతో గీత పైకి లేవదు. రోజూ పెట్టాలి. వచ్చే నెల తూకం రోజు నాయనమ్మే బాబును ఎత్తుకుని పోవాలి. కార్డు మీది గీతను తనే చదువుకోవాలి. అక్షరం నేర్చిన ఇంట్లో ఆ గీత చదవడం కూడా ఒక చదువే.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో చిన్న బిడ్డ నిన్న ఏమేం తిన్నది? అందులో పప్పు, ఆకుకూర ఉన్నాయా?
2. బిస్కెట్లకు వారానికి ఎంత ఖర్చవుతున్నది? ఆ పైసలకు ఎన్ని గుడ్లు వస్తాయి?
3. తల్లి పనికి పోయినప్పుడు బిడ్డకు తినిపించేది ఎవరు? వాళ్లకు ఈ పాఠం చదివి వినిపించారా?