పొయ్యి వెలిగింపని చిరుతిండి

సాయంకాలము నాలుగు గంటలు దాటునప్పటికి పిల్లలు బడి నుండి ఇల్లు చేరుదురు. పుస్తకముల సంచి ఒక మూల పడవైచి, చేతులైనను కడుగుకొనక మునుపే, "అమ్మా, తినుటకేమున్నది?" అని అడుగుదురు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట ఇల్లాలికి ప్రతిదినము ఒక పరీక్షయే. మధ్యాహ్నపు వంట ముగిసినది; రాత్రి వంట ఇంకను మొదలు కాలేదు. చల్లారిన పొయ్యిని మరల వెలిగించుటకు మనస్సొప్పదు. డబ్బాలోని జంతికలు నిన్ననే నిండుకొన్నవి. వీధి చివర అంగడిలో మాత్రము రంగురంగుల పొట్లములు తోరణములవలె వ్రేలాడుచుండును. చేతిలో పది రూపాయలు పెట్టి పంపినచో ఆ పూటకు ప్రశ్న తీరును. కాని ఆ పది రూపాయలకు బదులుగా ఇంటికి వచ్చునది చాలవరకు ఉప్పు, నూనె, పిండి మాత్రమే.

ఆ నాలుగు గంటల ఆకలికి నూనె మూకుడు పెట్టకుండ, పొయ్యి వెలిగింపకుండ, పచ్చి కూరగాయలతో ఉండలు చేసికొను విధమును గూర్చి నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి. చేయు విధానము చెప్పుటతోపాటు, ఈ ఉండ మనకేమి చేయగలదో, ఏమి చేయజాలదో కూడ ఉన్నదున్నట్లు చెప్పుట మా ఉద్దేశము.

పొయ్యి యెక్కని తినుబండారములు మన ఇండ్లకు క్రొత్తవి కావు. నాగుల చవితినాడు పుట్టకు తీసికొనిపోవు నైవేద్యమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తడిపిన బియ్యపు పిండిలో బెల్లము కలిపిన చలిమిడి, నువ్వులు బెల్లము కలిపి దంచిన చిమ్మిలి, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు. వీనిలో ఏ ఒక్కదానికిని నిప్పుతో పనిలేదు. శ్రీరామనవమినాడు పానకముతో పంచిపెట్టు వడపప్పులో కొందరు దోసకాయ ముక్కలు, మామిడి తురుము, కొబ్బరి కోరు కూడ కలుపుదురు. పప్పు, కూర, కొబ్బరి, పులుపు ఒక్క దొప్పలో సమకూర్చిన ఆ పెద్దలు ఆహారశాస్త్రము చదివినవారు కారు; అయినను శాస్త్రము మెచ్చుకొను పనినే చేసిరి. మేము చెప్పబోవు ఉండలు ఈ చిమ్మిలికిని వడపప్పునకును పుట్టిన బిడ్డలే.

ఇంత చిన్న విషయమునకు రేడియోలో ప్రసంగమెందుకని కొందరు తలపవచ్చును. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మంది రక్తహీనత గలవారని తేలినది. పదునైదు మొదలు నలుబది తొమ్మిదేండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది అట్టివారే. బిడ్డకు తిండి పెట్టు తల్లియు, తినెడి బిడ్డయు ఇద్దరును ఈ లెక్కలోనివారే యన్నమాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో, పెద్దలు దినమునకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినవలెనని చెప్పినది. మన విస్తరిలో అన్నము కొండవలె నుండును. కూర దాని ప్రక్కన నంజుడుగా నుండును. పిల్లలు ఆ కాసింత కూరను కూడ విస్తరి అంచునకు నెట్టివేయుదురు. కనుక కూరగాయకును పిల్లలకును స్నేహము కుదుర్చుట చిన్న విషయము కాదు.

ఇక పనిలోనికి దిగుదము. మొదట తీపి ఉండ. క్యారెట్టు 200 గ్రాములు, అనగా నడితరపువి రెండు మూడు. పుట్నాల పప్పు 100 గ్రాములు, పలుచని అటుకులు 50 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, తురిమిన బెల్లము 50 గ్రాములు, నాలుగు యాలకులు. ఇంతే సరుకు. పుట్నాలు అంగడిలో వేగినవే దొరకును గనుక మనము మరల వేపనక్కరలేదు. పుట్నాలు, అటుకులు, యాలకులు కలిపి మిక్సీలో మెత్తగా పొడి చేయవలెను. నువ్వులను విడిగా కచ్చాపచ్చాగా త్రిప్పవలెను. రోలు ఉన్నవారు దంచుకొన్నచో రుచి మరింత బాగుండును. క్యారెట్టును కడిగి, చెక్కు తీసి, తురుముపీట సన్నని ప్రక్కను తురిమి, ఆ తురుమును గుప్పిట బట్టి రసము పిండవలెను. పిమ్మట తురుము, బెల్లము, నువ్వులు, పొడి అన్నియు కలిపి, మూతపెట్టి పది నిమిషములు ఉంచవలెను. అంతలో అటుకుల పొడి తడిని పీల్చుకొని ముద్ద గట్టిపడును. అప్పుడు ఉసిరికాయంత ఉండలు చేసినచో ఇంచుమించు ఇరువది వచ్చును.

రసము పిండుటయు, పది నిమిషములు ఆగుటయు మరువరాదని ఇంతగా చెప్పుటకు కారణమున్నది. మొదటిసారి మేము ఈ రెండును చేయలేదు. బెల్లము తగిలిన వెంటనే పచ్చి తురుము నీరు విడిచినది; ముద్ద జావయైనది. దానిని గట్టిపరచుటకు పొడి మీద పొడి పోసితిమి. చివరకు మిగిలినది పిండి ఉండయే గాని కూర ఉండ కాదు. పిండిన రసమును పారవేయరాదు. అందు కొంచెము నిమ్మరసము కలిపి త్రాగవచ్చును. లేదా రాత్రి చపాతీ పిండి తడుపుటకు వాడుకొనవచ్చును.

ఈ ఉండలో నువ్వులు రుచికొరకు మాత్రమే చేర్చినవి కావు. క్యారెట్టుకు ఆ రంగునిచ్చు కెరోటిను అను పదార్థము మన శరీరములో ఏ విటమినుగా మారును. అది కంటిచూపునకు అవసరము. కాని కెరోటిను కొవ్వుతో కలిసిననే ఒంటికి పట్టును. నువ్వులలోని నూనె ఆ పని చేయును. పచ్చి క్యారెట్టుకంటె ఉడికించినదానినుండి కెరోటిను ఎక్కువగా లభించునన్న మాటయు నిజమే. కావుననే పచ్చిదానిని సన్నగా తురుమవలెను. ముక్కలుగా కోసినచో అంత ఫలము దక్కదు.

క్యారెట్టు బదులు బీటురూటు వాడుకొనవచ్చును. దానికి మట్టివాసన కొంత యుండును గనుక ఒక అల్లపు ముక్క తురిమి కలిపినచో అది అణగును. బీటురూటు తిన్న మరునాడు మలమూత్రములలో ఎఱ్ఱదనము కనిపింపవచ్చును. దానిని చూచి భయపడనక్కరలేదు. బెల్లము బదులు గింజలు తీసిన మెత్తని ఖర్జూరములు ఎనిమిది పది నూరి చేర్చినచో ముద్ద చక్కగా అతుకుకొనును. నీడన ఎండబెట్టి పొడిచేసిన మునగాకు ఇంట నున్నచో ఇరువది ఉండలకు ఒక చెంచా చాలును. అంతకు మించినచో చేదు తేలి పిల్లలు ఉండనంతయు వదలివేయుదురు.

తీపి గిట్టనివారికి కార ఉండ. పెసరపప్పు 100 గ్రాములు రెండు గంటలు మంచి నీటిలో నానబెట్టి, నీరు పూర్తిగా వంపివేసి, బరకగా రుబ్బవలెను. దానిలో పిండిన క్యారెట్టు తురుము 100 గ్రాములు, పచ్చికొబ్బరి కోరు గుప్పెడు, సన్నగా తరిగిన కొత్తిమీర, చిన్న పచ్చిమిరపకాయ ఒకటి, తగినంత ఉప్పు, అరచెక్క నిమ్మరసము కలిపి, ముద్ద కట్టువరకు పుట్నాల పొడి చేర్చవలెను. మామిడికాయల కాలములో నిమ్మరసము బదులు మామిడి తురుము వేసికొనవచ్చును. ఈ పులుపు నాలుకకొరకే కాదు. పప్పులలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. పులుపు కాయలలోని సీ విటమిను దానికి తోడ్పడును. తేనీరు దీనికి విరోధి. ఉండ తిన్నవెంటనే టీ త్రాగినచో ఆ ఇనుములో చాల భాగము వ్యర్థమగును. రెంటికిని నడుమ ఒక గంటయైనను ఎడముండవలెను.

నిప్పు చేయు పని ఒకటి ఇక్కడ జరుగుట లేదని గుర్తుంచుకొనవలెను. పొయ్యి మీద ఉడికిన పదార్థములో క్రిములు నశించును. పొయ్యి లేనిచోట ఆ కాపుదల మన చేతులే చేయవలెను. కూరగాయలను ధారగా పడు నీటిలో రుద్ది కడిగి, ఆ పిమ్మటనే చెక్కు తీయవలెను. కత్తిపీట, తురుముపీట, చేతులు సబ్బుతో కడుగవలెను. కార ఉండలను రెండు గంటలలో తినివేయవలెను. తీపి ఉండలు ఆ పూటకే సరి. రిఫ్రిజిరేటరు ఉన్నవారు తీపి ఉండలను మరునాటివరకు ఉంచుకొనవచ్చును. ప్రతి కూరయు పచ్చిగా తినదగినది కాదు. కంద, చేమ పచ్చివి గొంతు దురద పెట్టును. చిక్కుడు గింజలు, బంగాళాదుంపలు, వంకాయలు పొయ్యికే చెందినవి. వేరుసెనగ పప్పు వాడువారు బూజు పట్టిన గింజలను, రంగు మారినవానిని ఏరి పారవేయవలెను. చిన్న పిల్లలకు గింజలను పలుకులుగా గాక మెత్తని పొడిగానే పెట్టవలెను. పలుకు గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు.

బెల్లమును గూర్చి ఒక మాట. చక్కెర చెడ్డది, బెల్లము మంచిది అను నమ్మకము మన ఇండ్లలో బలముగా నున్నది. బెల్లములో కొన్ని ధాతువులు స్వల్పముగా నుండుట నిజమే గాని, రక్తములో చక్కెరను పెంచుటలో రెండును చుట్టములే. ఖర్జూరమును ఆ కుటుంబములోనిదే. మధుమేహము గల పెద్దలు ఇది కూర ఉండ గదా యని నాలుగైదు తినరాదు. పిల్లలకును రెండు చాలును. మేము చెప్పిన కొలత ప్రకారము ఒక్కొక్క ఉండలో బెల్లము రెండున్నర గ్రాములు మాత్రమే యుండును. అలవాటైన కొలది దానిని ఇంకను తగ్గించుకొనవచ్చును.

బెల్లము లెక్క చెప్పినవారము కూర లెక్కయు చెప్పవలెను గదా. 200 గ్రాముల క్యారెట్టు ఇరువది ఉండలలో పంచినచో ఒక్కొక్క దానికి పది గ్రాములు వచ్చును. రెండు ఉండలు తిన్న బిడ్డ కడుపులోనికి పోయిన కూర ఇరువది గ్రాములే. పెద్దలకు చెప్పిన 400 గ్రాముల ముందు ఇది ఏపాటి? కనుక ఈ ఉండ పెట్టి, నేటికి కూర పెట్టితిమని తృప్తిపడుట ఆత్మవంచన. రక్తహీనతకు ఇది మందు కాదు. వైద్యులు ఇచ్చిన ఇనుప ధాతువు మాత్రలు మాని, వానికి బదులుగా బీటురూటు పెట్టుట ఎంతమాత్రము తగదు.

అట్లయినచో దీని ప్రయోజనమేమి? మా ఇంట జరిగిన సంగతి చెప్పుదుము. మా చిన్నపిల్ల క్యారెట్టు ముట్టదు. సాంబారులో ముక్క కనిపించినచో ఏరి ప్రక్కన పెట్టును. ఉపాయముగా చేయుదమని మేము క్యారెట్టును వెన్నవలె నూరి, యాలకుల వాసనతో కప్పి, ఉండ చేసి పెట్టితిమి. తిన్నది. మాకెంతో సంతోషమైనది. నాలుగవనాడు మిక్సీ గిన్నెలో మిగిలిన ముద్ద చూచి కనిపెట్టినది. ఆ పిమ్మట ఎన్నో దినములు మా చేతి తిండి ఏది పెట్టినను, "ఇందులో ఏమి కలిపితిరి?" అని అడిగి గాని నోట పెట్టలేదు. కూరయందు అయిష్టము పోలేదు సరికదా, మాయందు నమ్మకము పోయినది.

అప్పుడు మా పొరపాటు మాకు తెలిసివచ్చినది. ఒక సాయంకాలము ఆ పిల్లనే పిలిచి, చేతులు కడిగించి, పళ్లెము ముందు పెట్టితిమి. పొయ్యి లేదు గనుక కాలునను భయము లేదు. తురుముట మేము చేసితిమి. పిండుట, కలుపుట, ఉండ చుట్టుట ఆమె చేసినది. ఉండలు కొన్ని గోళీలంత, కొన్ని నిమ్మకాయంత వచ్చినవి. తాను చేసినవానిని ఇంటిల్లిపాదికి పంచినది. తాను మాత్రము ఆనాడు ఒక్క చివర కొరికి పెట్టివేసినది. మేము ఏమియు అనలేదు. రెండవమారు సగము తిన్నది. క్రొత్త రుచిని పిల్లల నాలుక ఎనిమిది పదిసార్లు చూచినగాని ఒప్పుకొనదని పోషకాహార నిపుణులు చెప్పుదురు. మేమును ఆ లెక్కన ఓర్చుకొంటిమి. ఇప్పుడు ఆ పిల్ల సాంబారులోని క్యారెట్టు ముక్కను ఏరి పారవేయుట లేదు. ఇష్టముగా తినుచున్నదని చెప్పజాలము, కాని తినుచున్నది.

ఈ ఉండ చేయు మేలు ఇదియే. ఇది కూరకు బదులు కాదు, కూరకు దారి. దారిని దాచిపెట్టినచో ఎవరు నడచెదరు? కావున కూరను పిండిలో దాచి పెట్టవలదు, చూపి పెట్టుడు. పేరు చెప్పి పెట్టుడు. వీలైనచో పిల్లలచేతనే, ఆడపిల్ల, మగపిల్లవాడు అను భేదము లేక, చేయింపుడు. బలవంతము చేయవలదు.

రేపు సాయంకాలము పిల్లలు వచ్చు వేళకు పొడి సిద్ధము చేసి, రెండు క్యారెట్లు కడిగి పళ్లెములో ఉంచుడు. "అమ్మా, తినుటకేమున్నది?" అని అడిగినప్పుడు, "రా, చేసికొందము" అని జవాబు చెప్పుడు. పది రూపాయలు చేతిలో పెట్టి పంపుటకు పట్టు సమయముకంటె ఇది కొంచెము ఎక్కువే పట్టును. ఆ కొంచెము సేపు బిడ్డ మన ప్రక్కన కూర్చుండును గదా.