పేరు కూడా ఆస్తే, కాని అది కౌలు ఆస్తి

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మాకు ఇచ్చిన అంశం ‘ఇంటర్నెట్ పేర్ల కొనుగోలు, అమ్మకం’. ఇది మనకెందుకు అని భోజనాల దగ్గర కొందరు అక్కలు అడిగారు. ఎజెండాలో 7వ అంశం చూడండి. సమాఖ్య నిధి నుంచి 3 లక్షల రూపాయలు పెట్టి 300 ఇంటర్నెట్ పేర్లు కొందాం, రేటు పెరిగాక అమ్ముదాం అని ఒక ప్రతిపాదన ఉంది. తెచ్చినవాళ్ళు మన చెడు కోరినవాళ్ళు కారు. సమాఖ్యకు నాలుగు డబ్బులు రావాలనే తెచ్చారు. మా సంఘం రెండేళ్ళుగా పొడులు, పచ్చళ్ళు సొంత వెబ్‌సైట్ పెట్టి అమ్ముతోంది కాబట్టి ముందు మేము చెప్పాలి, ఆ తర్వాత ఓటు పెట్టాలి అని ఈసీ మీటింగులో అనుకున్నారు. మాలో పది చదివినవాళ్ళు ఉన్నారు, ఏడుతో ఆపినవాళ్ళు ఉన్నారు. తెలుసుకున్నంత వరకు చెప్తాం.

ముందు ఆ పేరంటే ఏమిటో చూద్దాం. కంప్యూటర్లు ఒకదాన్నొకటి నంబర్లతో గుర్తుపడతాయి. మనం ఫోనులో ‘పెద్దక్క’ అని సేవ్ చేసుకుంటే పది అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు కదా, అలాగే ఆ నంబర్లకు బదులు వాడే పేరును డొమైన్ నేమ్ అంటారు. చివర ఉండే డాట్ కామ్, డాట్ ఇన్ అనేవి ఇంటిపేరు లాంటివి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అక్కడ చివర వస్తుంది. మన ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు లక్ష్ములు ఉండొచ్చు. అక్కడ మాత్రం ఒక ఇంటిపేరు కింద ఒక పేరు ఒక్కరికే. ముందు అడిగినవాళ్ళదే. ఈ వ్యాపారం పుట్టిందే ఆ ఒక్క నియమం నుంచి.

మొట్టమొదటి డాట్ కామ్ పేరును 1985 మార్చి 15న అమెరికాలో సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీ తీసుకుంది. అప్పట్లో ఫీజు లేదు. 1995 నుంచి ఫీజు మొదలైంది. ఇప్పుడు ఒక్క డాట్ కామ్‌లోనే 15 కోట్లకు పైగా పేర్లు ఉన్నాయి. మొత్తం వ్యవస్థను చూసుకోవడానికి 1998లో ఐకాన్ అనే సంస్థ పెట్టారు. డాట్ కామ్ లెడ్జరు వెరిసైన్ అనే అమెరికా కంపెనీ రాస్తుంది. మన దేశపు డాట్ ఇన్ లెడ్జరు ఢిల్లీలోని నిక్సీ అనే సంస్థ రాస్తుంది. 2005 నుంచి డాట్ ఇన్ పేర్లను అందరికీ ఇస్తున్నారు. మనం డబ్బు కట్టేది రిజిస్ట్రార్ దగ్గర. రిజిస్ట్రార్ అంటే పొలం రాయించుకునే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అనుకోకండి. ఈ పేర్లు ఇవ్వడానికి అనుమతి ఉన్న కంపెనీ, అంతే.

అక్కలూ, ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. పేరు ‘కొన్నాం’ అంటారు గాని ఎవరూ కొనరు. అది కౌలు. ఒక ఏడాది నుంచి పదేళ్ళ వరకు కౌలుకు తీసుకుంటాం. గడువులోపల మళ్ళీ కట్టకపోతే పోతుంది. డాట్ కామ్ పేరు గడువు దాటితే కొన్ని రోజులు మామూలు ఫీజుతో ఇస్తారు. ఎన్ని రోజులన్నది ఆ రిజిస్ట్రార్ ఇష్టం. అదీ దాటితే 30 రోజులు రిడెంప్షన్ అంటారు, అప్పుడు అదనంగా కట్టాలి. ఆ తర్వాత 5 రోజులకు పేరు ఖాళీ అవుతుంది. ఎవరైనా తీసుకోవచ్చు. మనం పదేళ్ళు వాడాం అన్నా వినరు. ఇంకోటి, మొదటి ఏడాది ఆఫర్ అని 99కో 199కో ఇస్తారు. రెండో ఏడాది అసలు ధర పడుతుంది. చేరే రోజు ధర కాదు, రెన్యువల్ ధర అడగండి.

మరి ఈ వ్యాపారంలో డబ్బు రాదా అంటే, వచ్చినవాళ్ళు ఉన్నారు. బిజినెస్ డాట్ కామ్ అనే పేరును 1997లో ఒకాయన లక్షన్నర డాలర్లకు కొని 1999లో 75 లక్షల డాలర్లకు అమ్మాడు. వాయిస్ డాట్ కామ్ 2019లో 3 కోట్ల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కన 200 కోట్ల రూపాయలకు పైమాటే. ప్రతిపాదన కాగితంలో ఇవే రాశారు, అవి నిజమే. కాని చూడండి, అవి ప్రపంచమంతా వాడే ఒక్క మాట ఇంగ్లీషు పేర్లు. ఇంటర్నెట్ మొదట్లోనే తీసుకున్నవి. అలాంటివి ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు ఖాళీగా దొరికేవి మూడు నాలుగు మాటలు కలిపిన పేర్లు. బస్టాండు ఎదుట స్థలాలు అయిపోయాక చెరువు అవతల ప్లాట్లు చూపించినట్టు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పేరుకు ఏడాదికి సుమారు 1,000 రూపాయలు అనుకుంటే 300 పేర్లకు 3 లక్షలు. ఈ వ్యాపారం చేసేవాళ్ళే చెప్పే మాట ఏమిటంటే, మామూలుగా ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడుపోతాయి. అంటే 300లో 3 నుంచి 6. మూడే పోతే ఒక్కోటి లక్షకు పోవాలి, ఆరు పోతే ఒక్కోటి 50 వేలకు పోవాలి. అప్పుడే పెట్టింది వస్తుంది, లాభం ఇంకా మొదలుకాలేదు. మిగిలిన 294 పేర్లకు రెండో ఏడాది 2 లక్షల 94 వేలు మళ్ళీ కట్టాలి. కట్టకపోతే పెట్టింది పోతుంది. ప్లాటు అమ్ముడుపోకపోయినా నేల ఉంటుంది, కంచె వేసి గడ్డి కోసుకోవచ్చు. ఈ పేరుకు గడ్డి కూడా మొలవదు.

అదే 3 లక్షలు సంఘాలకు అప్పుగా ఇస్తే నూటికి రూపాయి వడ్డీ చొప్పున ఏడాదికి 36 వేలు వస్తుంది. ఆ వడ్డీ కూడా మన మనుషులే కట్టి మన నిధిలోనే వేస్తారు. 30 వేల చొప్పున పది మందికి ఇస్తే ఒకరు కుట్టుమిషన్ కొంటారు, ఒకరు కొట్టులోకి సరుకు తెస్తారు. ఈ నిధి వారం వారం పొదుపు కట్టి, మీటింగుకు రాకపోతే జరిమానా కట్టి పోగేసినది. సొంత డబ్బు పెట్టి ఎవరైనా పేర్ల వ్యాపారం చేస్తే అది వాళ్ళ ఇష్టం, మేము కాదనం. అందరి పొదుపు వేరే.

ఇంకో సంగతి. ప్రతిపాదనతో ఇచ్చిన పేర్ల జాబితా మేము కూర్చుని చదివాం. అందులో తిరుపతి లడ్డు మాట ఉన్న పేర్లు, పోచంపల్లి ఇక్కత్ మాట ఉన్న పేర్లు, పెద్ద కంపెనీల పేర్లకు ఒక అక్షరం మార్చినవి ఉన్నాయి. ‘వాళ్ళే మన దగ్గరికి వచ్చి కొంటారు’ అని పక్కన రాశారు. తిరుపతి లడ్డుకు, పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేర్ల మీద హక్కు ఉన్నవాళ్ళు ఉన్నారు. ఇంకొకరి పేరు పట్టుకుని డబ్బు అడగడాన్ని సైబర్ స్క్వాటింగ్ అంటారు.

మన దేశంలో దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఉంది. సత్యం ఇన్ఫోవే అనే కంపెనీ తన పేరులోని అక్షరాలు కలిపి ‘సిఫీ’ అనే మాట తయారు చేసుకుని, 1999లోనే ఆ మాటతో డొమైన్ పేర్లు తీసుకుంది. తర్వాత ఇంకో కంపెనీ అందులో ఒక అక్షరం రెండుసార్లు వేసి దాదాపు అదే పేరు పెట్టుకుంది. కింది కోర్టు సత్యం పక్షాన చెప్పింది, హైకోర్టు కాదంది. చివరికి 2004 మేలో సుప్రీంకోర్టులో జస్టిస్ రూమా పాల్ గారు రాసిన తీర్పు సత్యం పక్షాన వచ్చింది. డొమైన్ పేరు వట్టి అడ్రసు కాదు, వ్యాపారపు గుర్తు కూడా, దానికి ట్రేడ్‌మార్కుకు ఉన్నట్టే రక్షణ ఉంటుంది అని అందులో చెప్పారు. డాట్ ఇన్ పేర్ల తగాదాలకు నిక్సీ దగ్గర ఆర్బిట్రేషన్ పద్ధతి కూడా ఉంది. తప్పని తేలితే పేరు తీసి హక్కుదారుకు ఇచ్చేస్తారు. మనం కట్టిన ఫీజు పోతుంది, మహిళా సమాఖ్య పేరు కాగితాలకు ఎక్కుతుంది. అది మనకు కావాలా?

అయితే పేరే వద్దా అంటే, అలా అనడం లేదు. మన సరుకుకు మన పేరు తప్పకుండా కావాలి. పక్క మండలంలో జనపనార సంచులు కుట్టే ఒక సంఘం సంగతి మీలో కొందరికి తెలుసు. సైటు తయారు చేసిన అబ్బాయి పేరును తన పేరున, తన మెయిల్ మీద తీసుకున్నాడు. తర్వాత ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాడు, ఫోను నంబరు మారింది. రెన్యువల్ మెయిళ్ళు వాళ్ళకు అందలేదు. గడువు దాటి పేరు ఖాళీ అయ్యింది, ఎవరో తీసుకుని 40 వేలు అడిగారు. అప్పటికే ఆ పేరుతో 5,000 సంచులు అచ్చువేసి ఉన్నాయి. పాపం వాళ్ళు వాటి మీద స్టిక్కర్లు అంటించి అమ్ముకున్నారు. అబ్బాయి దొంగ కాదు. కాని కాగితం ఎవరి పేరున ఉందో ఎవరూ చూడలేదు.

మాకు వచ్చిన రెండు సంగతులు కూడా చెప్తాం. ఒకరోజు ఫోను వచ్చింది. మీ పేరుకు 4 లక్షలు ఇచ్చే పార్టీ ఉంది, ముందు 6,000 కట్టి విలువ సర్టిఫికెట్ తెచ్చుకోండి అన్నారు. మా కోశాధికారి, ‘ఆ నాలుగు లక్షల్లో ఆరు వేలు పట్టుకుని మిగతాది ఇవ్వండి సార్’ అంది. ఫోను పెట్టేశారు. ఇది అన్ని దేశాల్లో జరిగే మోసమే. ఇలాగే మీ పేరు గడువు అయిపోతోంది, ఈ లింకులో కట్టండి అని మనకు సంబంధం లేని కంపెనీల నుంచి మెయిళ్ళు వస్తాయి. మన రిజిస్ట్రార్ సైటు మనమే తెరిచి తేదీ చూసుకోవాలి.

రెండోది నిజమైన బేరం. హైదరాబాద్ వ్యాపారి ఒకాయన మా పేరుకు 25 వేలు ఇస్తానన్నాడు. రెండు మీటింగులు మాట్లాడుకున్నాం. మా ఆర్డర్లలో సగానికి పైగా పాతవాళ్ళవే, వాళ్ళు ఆ పేరుతోనే వస్తారు. అమ్మితే మా కందిపొడి అనుకుని ఇంకొకరి పొడి కొంటారు. వద్దని రాశాం. ఒకవేళ ఎప్పుడైనా అమ్మాలంటే డబ్బు మధ్యవర్తి సంస్థ దగ్గర పడ్డాకే, పేరు మార్పిడికి వాడే ఆథ్ కోడ్ ఇవ్వాలి. ఆ కోడ్ ఇవ్వడమంటే ఇంటి తాళం ఇవ్వడమే.

మన పంచసూత్రాల లాగే దీనికీ ఐదు మాటలు రాసుకోండి.

ఒకటి, పేరు సమాఖ్య పేరున ఉండాలి. సమాఖ్య 1995 మ్యాక్స్ చట్టం కింద రిజిస్టరైన సంస్థ, సంఘానికి ఆ రిజిస్ట్రేషన్ లేదు. వాడుకునే హక్కు ఏ సంఘానిదో మినిట్స్‌లో తీర్మానం రాయాలి.

రెండు, మెయిల్, ఫోను నంబరు సంఘానివే పెట్టాలి. పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి. ఓబీలు మారితే చెక్కు బుక్కుతో పాటు అదీ అప్పగించాలి.

మూడు, గడువు తేదీ లోన్ల కిస్తీ తేదీల పక్కనే రాయాలి. వీలైతే ఐదేళ్ళకు ఒకేసారి కట్టాలి.

నాలుగు, స్పెల్లింగ్ తేలికగా ఉండాలి. పచ్చడి అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒక ‘సి’తో, ఒకరు రెండు ‘సి’లతో, ఒకరు ‘సిహెచ్’ రెండుసార్లు వేసి రాస్తారు. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివాళ్ళు తప్పు లేకుండా రాయగలిగితేనే ఆ పేరు తీసుకోండి. తెలుగు లిపిలోనే, చివర డాట్ భారత్ అని ఉండే పేర్లు కూడా నిక్సీ వ్యవస్థలో ఉన్నాయి.

ఐదు, డొమైన్ ఉంటే ట్రేడ్‌మార్కు ఉన్నట్టు కాదు. అది వేరే దరఖాస్తు. వ్యాపారం నిలబడ్డాక దాని గురించి ఆలోచించాలి.

చివరిగా మా ప్రతిపాదన. మన మండలంలో సరుకు తయారుచేసి అమ్మే సంఘాలు 9 ఉన్నాయి. ఒక్కో సంఘానికి ఒక్క పేరు, ఐదేళ్ళకు, సుమారు 45 వేలు అవుతుంది. దానికి ఒప్పుకుందాం. మిగిలిన 2 లక్షల 55 వేలు అప్పుల కిందే తిప్పుదాం. అమ్మడానికని ఒక్క పేరు కూడా కొనవద్దు. 7వ అంశం మీద చేతులెత్తే ముందు మీ సంఘాల్లో పొదుపు కట్టే ఒక్కొక్కరినీ తలచుకుని ఎత్తండి. వాళ్ళ తరఫునే మనం ఇక్కడ కూర్చున్నాం.