కార్డుల సేన: కూర్పులోని నేర్పు

పేకాట యనగానే మన ఇండ్లలో పెద్దల కనుబొమలు ముడివడును. ఆ ముడి నిష్కారణమైనది కాదు. అయినను పేకముక్కలలో కాలక్షేపము, జూదము గాక మూడవది యొకటి కలదు. అది వ్యూహము. నేటి యువకులు సెల్‌ఫోను తెరపై ఆడు ఒక కార్డుల యుద్ధక్రీడను ఆధారముగా గైకొని, ఆ వ్యూహమును గూర్చి ఈ పూట ముచ్చటింతును. పటాన్‌చెరు మండలములోని కర్దనూరు మొదలు సంగారెడ్డి వరకు గల ఈ కర్మాగారముల సీమలో నెలజీతముపై నడచు సంసారములు అనేకము. కావున ఆటలో నేర్పెంత, డబ్బు పాత్ర ఎంత యను రెండు ప్రశ్నలను విడదీసి చూచుట మనకు అవసరము.

ఆ ఆట పేరు స్ప్లింటర్‌లాండ్స్. 2018లో స్టీమ్ మాన్‌స్టర్స్ అను పేరుతో మొదలై, 2019లో ఈ పేరు దాల్చినది. ఇందలి కార్డులు అట్టపై అచ్చయినవి కావు. ఏ కార్డు ఎవరి సొత్తో బ్లాక్‌చెయిన్ అను చిట్టాలో నమోదై యుండును. పూర్వము ఊరి భూముల లెక్క పట్వారీ చేతి పహాణీలో నుండెడిది. దస్త్రము ఒక్కటి, వ్రాయు చేయి ఒక్కటి. బ్లాక్‌చెయిన్ అట్టిది కాదు. ఒకే చిట్టా ప్రతులు అనేక కంప్యూటర్లలో నుండి, ఒకదానితో నొకటి సరిచూచుకొనుచుండును. ఒకచోట దిద్దినంత మాత్రమున లెక్క మారదు. అందుచేత ఈ కార్డులను కొనవచ్చును, అమ్మవచ్చును, అద్దెకును ఈయవచ్చును.

ఇక యుద్ధము సంగతి. ఇరుపక్షములవారును నిర్ణీతమైన గడువులోపల, ఎదుటివాని కూర్పు తెలియకయే, తమ తమ సేనలను కూర్చి సమర్పింతురు. అటుపిమ్మట ఆటగాడు చేయగలిగినది లేదు. పోరు తనంతట తానే సాగి ముగియును. అనగా గెలుపోటములు కత్తి దూసిన పిమ్మట కాక, సేనను నిలిపిన నాడే చాలవరకు నిర్ణయమగుచున్నవి.

సేనలో ఒక నాయకుడు, అతని వెంట అత్యధికముగా ఆరుగురు భటులు. ప్రతి కార్డునకును ఒక వెల కలదు. దీనికి మానా అని పేరు. ఇది రూపాయల ధర కాదు. ఆ పోరులో ఖర్చు పెట్టవలసిన శక్తి. ఒక్కొక్క పోరునకు మానా పరిమితి ఒక్కొక్క విధముగా నుండును. ఆ పరిమితి 20 అనుకొందము. నాయకునికి 3 పోగా మిగులునది 17. పది మానాల మహాకాయు నొకనిని నిలిపినచో తక్కినవారికి మిగులునవి ఏడు మాత్రమే. అట్లు గాక 6, 4, 4, 3 చొప్పున పంచినచో నలుగురు భటులు వత్తురు. మహాకాయుడు కూలినచో మొదటి సేన కుప్పకూలును. రెండవ సేనలో ఒకడు పడినను ముగ్గురు నిలుతురు. పరిమితి హెచ్చుగా నున్నప్పుడు మాత్రము మహాకాయుడే మేలు కావచ్చును. గృహిణి నెల సరకులు కొనునప్పుడు చేయు లెక్కయు ఇట్టిదే కదా!

పిదప వరుస. కత్తి పట్టినవాడు సాధారణముగా మొదటి స్థానము నుండియే కొట్టగలడు. విల్లు పట్టినవాడు మొదటి స్థానమున నిలిచినచో సాధారణముగా బాణము వేయలేడు. మంత్రవాది ఎచ్చట నుండియైనను కొట్టును. అతని దెబ్బకు కవచము అడ్డుకాదు. కొందరు భటులు చాటుగా పోయి ఎదుటి వరుసలో కట్టకడపటి వానిని పొడుతురు. కావున బలశాలిని ముందు నిలిపి, సుకుమారులను వెనుక దాచుట మాత్రమే చాలదు. వెనుక వాకిలికిని కావలి ఉండవలెను. ఫ్యూరియస్ చికెన్ అను కోడి కార్డొకటి కలదు. దాని వెల సున్న. ఆ కోడిని వరుస చివర నిలిపినచో చాటుదెబ్బ ముందుగా దానిపై పడును. విలువైన భటుడు అంతవరకు బ్రతుకును. సున్న వెల కార్డునకును సేనలో ఉద్యోగము కలదన్నమాట.

నాయకుని ఎంపికయు వరుసతో ముడివడినదే. మాల్రిక్ ఇన్ఫెర్నో అను నాయకుడు కత్తివీరుల దెబ్బను పెంచును. ఆల్రిక్ స్టార్మ్‌బ్రింగర్ మంత్రవాదుల బలమును పెంచును. మంత్రవాదులను సమకూర్చుకొని మాల్రిక్కును నిలుపుట, వరి నాటి పత్తికి ఎరువు తెచ్చుట వంటిది.

అన్నిటికంటె ముందు చూడవలసినవి ఆనాటి నియమములు. ఒక పోరులో మంత్రము నిషిద్ధము. మరియొకదానిలో నాలుగు మానాలకు మించిన కార్డు పనికిరాదు. ఇంకొకదానిలో వేగము తలక్రిందులై, మందగాడే ముందుగా కొట్టును. నిన్న గెలిచిన సేన నేడు ఓడుటకు కారణమిదియే.

ఈ తలక్రిందుల న్యాయము మనకు క్రొత్తది కాదు. మన నిర్మల్ చిత్రకారులును గంజిఫా ముక్కలను రచించిరి. దశావతార గంజిఫాలో ముక్కలు 120. పది అవతారములకు పది వర్గములు, వర్గమునకు రాజు, మంత్రి, పది అంకెలు. సగము వర్గములలో పది పెద్ద. తక్కిన సగములో ఒకటి పెద్ద. ఆట ప్రారంభించు హక్కు పగలు రాముని ముక్కది, రాత్రి కృష్ణునిది. ముక్క బలము ముక్కలో మాత్రమే లేదు, వేళలోను నియమములోను ఉన్నదని ఆనాటి ఆటగాండ్రు ఎరుగుదురు.

ఇంత నేర్పు గల ఆట కనుక ఇందు డబ్బు పెట్టిన తప్పేమని యువకుడడుగవచ్చును. ఇచ్చట జాగ్రత్త వహింపవలెను. ఒకే రకపు కార్డులను కలిపి స్థాయి పెంచుకొనవచ్చును గనుక, ధనము గలవానికి కొంత మేలు కలదన్నది నిజమే. కాని కార్డు ధర పోరాట నేర్పుపై నిలుచునది కాదు. కొనువారి ఉత్సాహముపై నిలుచును. 2021లో ఇట్టి క్రీడల కార్డుల ధరలు ఎగసినవి, 2022లో క్రుంగినవి. ఆ రెండేండ్లలో ఆటగాండ్ర తెలివి పెరిగి తరిగినది కాదు. చిట్టా కార్డు నీదని చెప్పును. దానికి రేపు కొనువాడుండునని చెప్పదు.

చట్టమును తెలియవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్యాజ్యదారుగా నున్న ఒక కేసులో, రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని 1967లో సుప్రీంకోర్టు పలికినది. అయినను తెలంగాణ ప్రభుత్వము 2017లో గేమింగ్ చట్టమును సవరించి, ఆన్‌లైన్‌లో పందెమొడ్డి ఆడుటను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము, నేర్పు ఆటయైనను అదృష్టపు ఆటయైనను, ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించినది. ఇట్టి డిజిటల్ ఆస్తులను అమ్మగా వచ్చిన లాభముపై 2022 ఏప్రిల్ 1 నుండి నూటికి 30 వంతున ఆదాయపు పన్ను విధింపబడినది. ఒకదాని నష్టమును మరియొకదాని లాభములో తగ్గించుకొనుటకు వీలులేదు.

కావున ఇంటి పెద్దలు ఫోను లాగుకొనుటకు ముందు, “నాయనా, నీ సేనను ఏల ఇట్లు నిలిపితివి?” అని యడిగి చూడుడు. కుర్రవాడు పరిమితిని, వరుసను, నియమమును వివరించినచో అతని బుద్ధి పదును పడుచున్నదని సంతోషింపుడు. కార్డు రేపు ఎంతకు అమ్ముడుపోవునో యన్న మాట మాత్రమే చెప్పినచో, అది వ్యూహము కాదు, బేరము. ఆ బేరమున పెట్టునది ఎవరి నెలజీతమో, అప్పుడే కూర్చుండి లెక్క చూచుకొనుడు. జీతమునకును పరిమితి యున్నది. దానిని మొదట అద్దెకు, బియ్యమునకు, బడి ఫీజునకు పంచి నిలుపుట ఇంటిల్లిపాదియు కలసి నేర్వవలసిన కూర్పు.