రామప్ప చెరువు తూము, ఫిట్స్ గోళీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను నీటిపారుదల శాఖ ఇంజినీరును, డాక్టరును కాను. అయినా మందుల గురించి మాట్లాడతానని అడిగి మరీ మైకు తీసుకున్నాను. కారణం మా బ్యాచ్ మిత్రుడు. పేరు చెప్పను. చిన్ననాటి నుంచి ఫిట్స్. ఫెనిటాయిన్ గోళీలతో ఏళ్ల తరబడి బాగానే ఉన్నాడు. మూడేళ్ల కింద టీబీ వచ్చి ఆ మందులు మొదలుపెట్టారు. ఫిట్స్ సంగతి అతను అక్కడ చెప్పలేదు. పెళ్లి సంబంధం చెడుతుందని ఇంట్లో దాచిన జబ్బు, డాక్టరు దగ్గరా దాచడం అలవాటైపోయింది.

కొన్ని వారాలకు నడక తూలింది. మాట ముద్దయింది. ఒకటి రెండుగా కనబడింది. పొద్దుగాలే కల్లు తాగిండని ఊరంతా అన్నది. చుక్క ముట్టని మనిషి! వరంగల్‌లో రక్తపరీక్ష చేయిస్తే గాని సంగతి తేలలేదు. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాల్సిన ఫెనిటాయిన్ 38 ఉంది.

మన రామప్ప చెరువు తూమునే తీసుకోండి. దానిలోంచి పోయే నీళ్లకు ఒక హద్దుంది. వచ్చే నీళ్లు అంతకు మించితే మట్టం పెరుగుతుంది, మత్తడి దుంకుతుంది. ఫెనిటాయిన్‌కు కాలేయమే తూము. మామూలు మోతాదుకే అది దాదాపు నిండుగా పారుతుంది. టీబీ మందుల్లోని ఐసోనియజిడ్ ఆ తూమును కొంత మూసేస్తుంది. ఈ సంగతి 1962లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. అదే కోర్సులోని రిఫాంపిసిన్ దీనికి ఎదురు, తూమును పెద్దది చేస్తుంది. ఎవరి ఒంట్లో ఏది గెలుస్తుందో కొలిస్తేనే తెలుస్తుంది.

డాక్టరు టీబీ మందులు ఆపలేదు, ఫెనిటాయిన్ తగ్గించారు. కోర్సు ముగిశాక మళ్లీ కొలిచి పెంచారు. రెండోది కూడా ముఖ్యమే, మూసిన తూము తెరుచుకుంటుంది కదా.

కార్బమజెపిన్ వాడేవారికి గొంతునొప్పికి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఇచ్చినా ఇలాగే తూలుతారు. నొప్పులకిచ్చే ట్రమడాల్ ఫిట్స్‌నే రేపగలదు. ఆడపిల్లలకు ఎవరూ చెప్పని మాట ఇంకొకటి: ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ వాడుతుంటే గర్భనిరోధక మాత్రల మీద భరోసా పెట్టుకోలేం. డాక్టరును అడిగి వేరే పద్ధతి చూసుకోవాలి. అలాగని ఫిట్స్ గోళీ సొంతంగా ఆపితే అసలుకే మోసం.

మా మిత్రుడి జేబులో ఇప్పుడు ఒక చీటీ ఉంటుంది. జబ్బు పేరు, మందు పేరు, మోతాదు. ఆర్‌ఎంపీ దగ్గరకైనా, మెడికల్ షాపుకైనా ముందు అదే తీస్తాడు. అలాంటి ఖాళీ చీటీలు అచ్చు వేయించి తెచ్చాను. భోజనాల దగ్గర పెట్టాను, తీసుకోండి.