పరుగెత్తే పిల్ల కంచంలో ఏముంది?



కాలేజీల్లో ఆటలాడే మన ఆడపిల్లల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. వాళ్ల పతకాల సంగతి కాదు, వాళ్ల తిండి సంగతి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేష్ ఫోగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకోవడం మనమంతా చూశాం. కుస్తీలో బరువుకు నిబంధన ఉంది. పరుగు పందేనికి అలాంటిదేమీ లేదు. అయినా అక్కడికీ తూకం వచ్చింది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం అథ్లెటిక్స్ జట్టులో ఉన్న ఆరుగురు అమ్మాయిలు 2021లో అక్కడి ఒరెగోనియన్ పత్రికతో తమ బాధ చెప్పుకున్నారు. డెక్సా స్కాన్‌తో ఒంట్లో కొవ్వు శాతం కొలిచేవారని, ఆ అంకె మీద పెట్టిన ధ్యాస అమ్మాయిలను తిండికి సంబంధించిన జబ్బుల వైపు నెడుతోందని అన్నారు. డెక్సా ముఖ్యంగా ఎముకల గట్టిదనం చూడటానికి వాడే పరీక్ష. విచిత్రమేమిటంటే, తిండి తగ్గితే ముందుగా దెబ్బతినేవాటిలో ఎముకలూ ఉన్నాయి.

ఎలాగంటారా? ఖర్చయ్యే శక్తికి తగినంత తిండి లోపలికి పోకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. నెలసరి తప్పుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. ఎముక బలహీనపడి, కింద పడకుండానే కాలి ఎముకలో సన్నటి పగుళ్లు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. క్రీడాకారుల్లో శక్తి లోటు అన్నమాట. బక్కగా లేని పిల్లకూ ఇది రావచ్చు. ప్రాక్టీసు ఎక్కువైతే నెలసరి ఆగడం మామూలే అనుకోవడం తప్పు. వరుసగా మూడు నెలలు రాకపోతే డాక్టరును కలవాలి.

మరి మన ఇళ్లలో? బెంగళూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో మన పిల్లలు స్పోర్ట్స్ కోటా సీటు కోసం, రైల్వే ఉద్యోగం కోసం పరుగెడతారు. హాస్టల్ మెస్‌లో పెట్టిందే తినాలి, పాలకూ గుడ్లకూ చేతిలో డబ్బుండదు. కోచ్ "బరువెక్కావు, తగ్గు" అంటాడు. సెలవులకు ఇంటికొస్తే మేనత్త "మగరాయుడిలా అయ్యావు, ఎవరు చేసుకుంటారే" అంటుంది. ఆ పిల్ల ఒంటి మీద ఆమెకు తప్ప అందరికీ హక్కున్నట్టే. ఇది అన్యాయం.

సంఘంలోనూ ఒక మాట చెప్పాలి. ఉపవాసం మంచిదే. అయితే తిండి మానడానికి సాకు వెతుక్కునే పిల్లకు లెంటు దినాలు చక్కటి ముసుగు. ఎంత భక్తో అని మెచ్చుకునే ముందు ఆమె ఆరోగ్యం కనుక్కోండి. యాయీరు కూతుర్ని బ్రతికించిన వెంటనే ప్రభువు ఆ పిల్లకు తిండి పెట్టమని చెప్పాడు కదా.

అమ్మలారా, నాన్నలారా, పిల్లల ఒంటి మీద వ్యాఖ్యలు మానండి. కసిరితే తగ్గే జబ్బు కాదిది. పక్కన కూర్చుని కలిసి తినండి, చెప్పేది వినండి. కోచ్‌లను కలిసి, అందరి ముందు బరువు తూచవద్దని అడగండి. చెల్లెమ్మలారా, తిండి చూస్తే భయమేస్తున్నా, తిన్నాక వాంతి చేసుకోవాలనిపిస్తున్నా దాచుకోకండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగులో మాట్లాడతామని అడగండి. అది జబ్బు, పాపం కాదు. దానికి వైద్యం ఉంది, మేమూ మీతో ఉన్నాం.