లకుముకి పిట్ట ముక్కు తర్వాత

 పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

చెరువు గట్ల మీద లకుముకి పిట్టను మీరంతా చూసే ఉంటారు. జపాన్‌లో ఎయిజీ నకాత్సు అనే రైల్వే ఇంజినీరు కూడా చూశారు. సాన్యో మార్గంలో బుల్లెట్ రైలును గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడపాలన్నది ఆయన పని. ఆ దారిలో దాదాపు సగం సొరంగాలే. అంత వేగంతో రైలు లోపలికి దూరితే ముందున్న గాలి నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడి అల అవతలి చివర ఫిరంగి పేలినట్టు బయటపడుతుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఎలా భరిస్తారు?

పల్చని గాలిలోంచి చిక్కని నీటిలోకి పెద్దగా తుంపర లేపకుండా దూకే పిట్ట ఆయనకు గుర్తొచ్చింది. అంతమాత్రాన దాని ముక్కును గీసి అతికించలేదు. రకరకాల ఆకారాల తూటాలను గొట్టంలోకి పేల్చి ఒత్తిడి కొలిచారు. మెరుగని తేలిన ఆకారం ఆ ముక్కుకు దగ్గరగా ఉంది. 1997లో 500 సిరీస్ రైలు 15 మీటర్ల ముక్కుతో పట్టాలెక్కింది. పైకప్పు మీద కరెంటు తీగను తాకే పాంటోగ్రాఫ్ రొద తగ్గించడానికి గుడ్లగూబ ఈకల రంపపు అంచులు దారి చూపాయి. ఆ ఈకల సంగతి ఆయనకు రైల్వే ఆఫీసులో తెలియలేదు. పక్షి ప్రేమికుల సభలో ఒక విమానాల ఇంజినీరు చెబుతుంటే విన్నారు.

నాకు ఇంతకంటే నచ్చేది తర్వాతి కథ. పొడవాటి ముక్కు సీట్ల చోటు తినేసింది. 2007లో వచ్చిన ఎన్700 రైలు ముక్కు 10.7 మీటర్లే. దానికి ఏ పిట్టా నమూనా కాదు. కంప్యూటర్‌లో ఎన్నో ఆకారాలు పుట్టించి, పనికొచ్చినవాటిని కలిపి, కాస్త మార్చి, మళ్లీ పరీక్షించే జెనెటిక్ అల్గారిథమ్‌తో తేల్చారు. పిట్ట ముక్కును వదిలేసి, ఆ ముక్కును మలచిన పరిణామక్రమాన్నే పనిలో పెట్టారన్నమాట!

భవనాల్లోనూ ఇలాంటి కథ ఉంది. 1996లో జింబాబ్వేలోని హరారేలో వాస్తుశిల్పి మిక్ పియర్స్ చెదపుట్టల స్ఫూర్తితో ఈస్ట్‌గేట్ భవనం కట్టారు. అది రాత్రి చల్లగాలితో కాంక్రీటును చల్లబరచి, పగలు ఆ చల్లదనాన్ని వాడుకుంటుంది. పుట్టలో గాలి ఆయన అనుకున్నట్టు ఆడదని తర్వాత పరిశోధకులు తేల్చారు. భవనం మాత్రం చక్కగా పనిచేస్తోంది. అయితే మన విజయవాడలో వేసవి రాత్రులు కూడా ఉక్కపోతే కాబట్టి హరారే ఉపాయం ఇక్కడ ఉన్నదున్నట్టుగా సాగదు. ఇక్కడి ఉక్కలో ఏ జీవి ఒళ్లు ఎలా చల్లబరచుకుంటోందో జంతుశాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. సివిల్, మెకానికల్ పిల్లలూ, ఇవాళ ఊళ్లకు బయల్దేరేలోపే వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి.