ఇల్లు తొలగించాలా?



మీలో పెద్దవారికి తంతి గుర్తుండే ఉంటుంది. తంతి వచ్చిందంటే చాలు, విషయం తెలియకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. అందులో ఉండేవి నాలుగు ఇంగ్లీషు ముక్కలు. వాటిని చదివించుకోవడానికి పోస్టుమాస్టరు దగ్గరికో, బడిపంతులు దగ్గరికో పరుగెత్తేవారు. తీరా చూస్తే ఒక్కోసారి అది ఉద్యోగం వచ్చిందన్న శుభవార్తే అయ్యేది! మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. ఆ పరుగు మాత్రం ఆగలేదండి. ఇప్పుడు తంతి కాగితానికి బదులు సెల్‌ఫోను పట్టుకుని వస్తున్నారు. "టీచరమ్మా, ఇందులో ఏదో రాసింది, కొంచెం చూసిపెట్టండి" అంటున్నారు.

గుమ్మం దగ్గర కెమెరా, ఫోనుతో వెలిగే బల్బు, ఫోనుతో ఆగే ప్లగ్గు. వీటిని కలిపి స్మార్ట్ హోమ్ అంటున్నారు. ఇవి ఊరకే పని చేయవు, ఫోనుకు కబుర్లు కూడా పంపుతాయి. ఆ కబుర్ల భాష గురించి ఈ రోజు మీతో నాలుగు మాటలు పంచుకుంటాను.

ముందు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆమెది పాలక్కోడు దగ్గర పల్లె. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. తల్లి మీది బెంగతో గుమ్మానికి కెమెరా పెట్టించాడు, వరండాలో స్మార్టు బల్బు పెట్టించాడు. రోజూ పొద్దున అమ్మ తలుపు తీసిందా లేదా అని అక్కడి నుంచే చూసుకునేవాడు. అమ్మకు సులువుగా ఉంటుందని ఆమె ఫోనును తెలుగులోకి మార్చాడు. ఇంటి పరికరాలన్నీ ఆ ఫోను మీదే నమోదు చేశాడు.

ఒకనాటి రాత్రి ఏది నొక్కిందో ఏమో, ఫోనులో ఇలా వచ్చింది: "ఈ ఇంటిని తొలగించాలా? ఈ చర్య రద్దు చేయబడదు." కింద రెండు బొత్తాలు. ఒకటి "రద్దు చేయి", రెండోది "తొలగించు".

పెద్దమ్మ చిన్నప్పుడు ఆ ఊళ్లో తెలుగు బడి ఉండేది కాబట్టి అక్షరాలు కూడబలుక్కుని చదివింది. పక్కింటి పిల్లవాడిని పిలిచింది. వాడికి ఫోను నీళ్లు తాగినంత సులువు, కానీ వాడి చదువు తమిళం. తెలుగు మాట్లాడతాడేగాని ఒక్క అక్షరం చదవలేడు. చదవగలిగిన మనిషికి ఫోను తెలియదు, ఫోను తెలిసినవాడికి చదువు రాదు! చివరికి పెద్దమ్మే ఆలోచించింది. "రద్దు అంటే పోగొట్టడం, దాని జోలికి పోకూడదు. తొలగించు అంటే ఈ రాతను నా కళ్ల ముందు నుంచి తొలగించమని కాబోలు" అనుకుని దాన్నే నొక్కింది.

తెల్లవారి కొడుకు ఫోను చూసుకుంటే కెమెరా లేదు, బల్బు లేదు, ఇల్లే లేదు. అమ్మకు ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఆఫీసు వదిలేసి, మోటారు సైకిలు మీద ఎలా వచ్చాడో అతనికే తెలియాలి. వచ్చేసరికి పెద్దమ్మ వెనక దొడ్లో కూర్చుని చింతపండు గింజలు కొడుతోంది. "ఏం నాయనా, చెప్పకుండా వచ్చావు?" అంది. ఆ అబ్బాయి గుమ్మంలోనే కూలబడి ఏడ్చేశాడు.

ఇందులో మా పెద్దమ్మ తప్పు ఎంత మాత్రమూ లేదు. ఇంగ్లీషులో ఉన్న రెండు వేర్వేరు మాటలకు తెలుగులో "రద్దు" అన్న ఒక్క మాటే వేశారు. పైన ఉన్న రద్దుకు "చేసినదాన్ని వెనక్కు తీసుకోవడం" అని అర్థం. కింద ఉన్న రద్దుకు "వద్దు, ఉన్నది ఉన్నట్టే ఉంచు" అని అర్థం. పైన రద్దు కాదని చెప్పి, కింద రద్దు చేయమంటే ఎవరికి బోధపడుతుంది? ఇక "ఇల్లు" అన్నది ఇటుకల ఇల్లు కాదు, ఫోనులో ఉన్న పరికరాల పట్టిక. అదే మాటను ఇలా రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి: "మీ కెమెరా, బల్బు ఈ ఫోను నుంచి పోతాయి. మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. తీసేయమంటారా?" కింద "వద్దు, ఉండనివ్వు" అని ఒకటి, "సరే, తీసేయి" అని ఒకటి. మా పెద్దమ్మ కళ్లు మూసుకుని సరైనదే నొక్కేది.

మా బడిలో సెలవు చీటీ రాయడం నేర్పేటప్పుడు పిల్లలకు ఒకటి చెబుతాను. ఏం జరిగింది, దానివల్ల ఏమవుతుంది, ఎదుటివారు ఏం చేయాలి, ఈ మూడూ ఉంటేనే అది చీటీ. యంత్రం పంపే చీటీకీ అదే కొలత.

మన ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. మన మాట తెలుగు. 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టం తరువాత ఒకటో తరగతి నుంచి పైకి ఏటేటా తమిళం తప్పనిసరి అయింది కాబట్టి పిల్లల చదువు తమిళం. యంత్రం మాటేమో ఇంగ్లీషు. ఫోనును తమిళంలో పెడితే పాస్‌వర్డుకు "కడవుచ్చొల్" అని వస్తుంది. అది చక్కని మాట, దాటి వెళ్లడానికి చెప్పే మాట అని అర్థం. కానీ మా వీధిలో ఒక అవ్వ దాన్ని "కడవుళ్ సొల్" అనుకుని, దేవుడి మాట అడుగుతోందని మురుగన్ పేరు చెప్పింది! అందుకే నాకనిపిస్తుంది, మనవంటి చోట రాతకన్నా నోటితో చెప్పే సందేశమే మేలు. తెలుగు చదవలేనివారున్నారు గాని, వింటే అర్థం కానివారు లేరు కదా.

అది వచ్చేలోగా కొన్ని మాటలు తెలుసుకుని ఉందాం. "ఆఫ్‌లైన్" అంటే పరికరం చెడిపోయిందని కాదు, దానికి ఇంటర్నెట్ అందడం లేదని. ముందు కరెంటు ఉందా, తరువాత వైఫై పెట్టె వెలుగుతోందా చూడండి. "రీస్టార్ట్" అంటే ఒక కునుకు తీసి లేవడం, ఏమీ పోదు. "ఫ్యాక్టరీ రీసెట్" అంటే పుట్టినప్పటి స్థితికి పోవడం, అన్నీ మరిచిపోతుంది. "ఫర్మ్‌వేర్ అప్‌డేట్" అంటే పరికరం లోపలి బుద్ధిని సరిదిద్దడం. అది జరుగుతుండగా కరెంటు తీయకూడదు, కరెంటు పోయే వేళల్లో మొదలు పెట్టకూడదు.

మరొకటి. "2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే" అని వస్తే చాలామంది కంగారు పడి, 5జి ఫోను ఉండటం వల్లనేమో అనుకుంటారు. వైఫై పెట్టెలు చాలావరకు రెండు రకాల తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, దూరం తక్కువ. స్మార్టు బల్బులు, ప్లగ్గులలో చాలావాటికి మొదటిదే కావాలి. 5జి అన్నది అయిదో తరం సెల్‌ఫోను సేవ, మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైంది. పేరులో అయిదు ఉన్నంత మాత్రాన ఆ రెండింటికీ చుట్టరికం లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అర్థం కాని సందేశాలు రోజూ వస్తుంటే మనిషికి చదవకుండా "ఓకే" నొక్కే అలవాటు పడుతుంది. ఆ అలవాటే దొంగకు తలుపు. 2022లో మన రాష్ట్రంతో పాటు ఎన్నో రాష్ట్రాలలో ఒక దొంగ సందేశం తిరిగింది. కరెంటు బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి కరెంటు తీసేస్తాం, ఫలానా నెంబరుకు ఫోను చేయండి అని దాని సారం. ఎందరో నమ్మి డబ్బు పోగొట్టుకున్నారు. విచిత్రం చూడండి, ఏం జరిగింది, ఏమవుతుంది, ఏం చేయాలి, ఈ మూడూ దొంగ తన చీటీలో ఎంతో తేటగా రాశాడు! నిజమైనవాళ్ల మాట అర్థం కాదు, దొంగ మాట ఇట్టే అర్థమవుతుంది. మనుషులు ఎటు మొగ్గుతారు?

కనుక సందేశం తొందర పెడితే ఆగండి. అందులోని నెంబరుకు ఫోను చేయకండి, బిల్లు మీద ఉన్న నెంబరుకే చేయండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. అర్థం కానిదాన్ని నొక్కకుండా, ఆ తెర ఫొటో తీసి తెలిసినవారికి చూపించండి. పిల్లలూ, మీ అవ్వ అడిగితే విసుక్కోకుండా చదివి చెప్పండి.

కంపెనీలకూ రాయండి. ఒక్కరు రాస్తే ఏమవుతుందని అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో తెలుగు సంయుక్తాక్షరం ఒకటి తెర మీదికి వస్తే ఐఫోనులో ఆ కార్యక్రమం ఉన్నట్టుండి ఆగిపోయేది. సంగతి లోకానికి తెలిసింది, ఆ నెలలోనే ఆపిల్ కంపెనీ దాన్ని సరిచేసింది. మన అక్షరాన్ని దిద్దుకున్నవారు మన మాటనూ దిద్దుకోగలరు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా.

మా తమ్ముడు మళ్లీ అన్నీ అమర్చి వెళ్లాడు. ఈసారి తెలుగులో ఒక కాగితం రాసి పెద్దమ్మ ఇంటి గోడకు అంటించాడు: "అమ్మా, ఫోను ఏదైనా అడిగితే, ఏదీ నొక్కకుండా నన్ను పిలువు." అన్ని యంత్రాల సందేశాల కన్నా అదే స్పష్టంగా ఉంది.